రూట్ చేయని ఫోను నుంచి బూట్ ఇమేజ్ తీసి భద్రపరచుకోవడం ఎలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. మీడియాటెక్ హీలియో జీ85 చిప్, ఆండ్రాయిడ్ 12 ఉన్న ఫోను. రూట్ చేయలేదు (అంటే ఫోను మీద పూర్తి అధికారం తెచ్చుకోలేదు), బూట్‌లోడర్ (ఆండ్రాయిడ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం) అన్‌లాక్ చేయలేదు. రూట్ చేసే సాధనం మ్యాజిస్క్ పెట్టుకోవాలంటే ముందు బూట్ ఇమేజ్, అంటే ఫోను లేవడానికి కావలసిన బూట్ విభాగం నకలు కావాలి, కంపెనీ వెబ్‌సైటులో ఫర్మ్‌వేర్ (ఫోను సిస్టమ్ సాఫ్ట్‌వేర్ మొత్తం) లేదు. కంప్యూటరు నుంచి ఫోనుకు ఆదేశాలిచ్చే ఏడీబీ షెల్‌లో, విభాగాన్ని నకలు తీసే డీడీ ఆదేశం ఇస్తే "పర్మిషన్ డినైడ్" అని వస్తోంది. టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో "ఇదే మోడల్‌ది" అంటూ ఒక ఫైలు ఇచ్చారు. దాన్ని వాడవచ్చా, లేక మన ఫోను నుంచే తీసుకునే దారి ఉందా?

దారి ఉంది. మీ చిప్ పుణ్యమా అని బూట్‌లోడర్ అన్‌లాక్ చేయకుండా, ఫోనులో ఒక్క ఫొటో కూడా పోకుండా తీసుకోవచ్చు. టెలిగ్రామ్ ఫైలును మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అది పనికొస్తుందో లేదో తేల్చుకునే పద్ధతి తర్వాత చెబుతాను. ఆదేశాలను ఇక్కడ పలికినట్టుగా రాస్తున్నాను, మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కొట్టండి.

ముందు ఆ "పర్మిషన్ డినైడ్" సంగతి. బూట్ విభాగం ఫోను నిల్వలో విడిగా ఉంచిన ఒక ముక్క. డెవ్, దాని లోపల బ్లాక్, దాని లోపల బై-నేమ్ అనే ఫోల్డరులోకి వెళితే అన్ని విభాగాల పేర్లూ ఉంటాయి, బూట్ కూడా అక్కడే ఉంటుంది. దాని యజమాని రూట్. యూఎస్‌బీ డీబగ్గింగ్ ద్వారా లోపలికి వెళ్ళిన మిమ్మల్ని ఫోను షెల్ అనే వాడుకరిగా, 2000 అనే నంబరుతో గుర్తిస్తుంది. ఆ వాడుకరికి ఆ ముక్కను చదివే హక్కు లేదు. ఏదోలా ఆ హక్కు సంపాదించినా వెనక ఎస్ఈలినక్స్ కాపలా మరొకటి ఉంది. ఫోనులో పెట్టుకునే మామూలు యాప్‌లకు షెల్‌కు ఉన్నపాటి హక్కులు కూడా ఉండవు. కాబట్టి "రూట్ లేకుండా ఒక్క నొక్కుతో బూట్ బ్యాకప్" అని చెప్పే యాప్ ఏది కనిపించినా దాన్ని నమ్మి సమయం వృథా చేసుకోకండి.

ఫాస్ట్‌బూట్‌తో, అంటే ఆండ్రాయిడ్ లేవకముందే కంప్యూటరు నుంచి ఫోనులోకి ఇమేజ్‌లు ఎక్కించే మార్గంతో, తీయవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మనకు దొరికే ఫోన్లలో ఫాస్ట్‌బూట్ గుడి హుండీ లాంటిది, వేయడమే గాని తీయడం ఉండదు. ఫ్లాష్ (విభాగంలోకి రాయడం), ఎరేజ్ (చెరపడం), బూట్ వంటి ఆదేశాలు ఉన్నాయి గాని విభాగాన్ని చదివి కంప్యూటరుకు పంపే పని మాత్రం అది చేయదు. ఒకప్పుడు భద్రతా లోపాలను వాడుకుని తాత్కాలికంగా రూట్ తెచ్చుకుని డీడీ కొట్టేవాళ్ళు. మీడియాటెక్ 64 బిట్ చిప్‌ల మీద పనిచేసిన ఎంటీకే-ఎస్‌యూ అలాంటిదే. ఆ లోపానికి సీవీఈ-2020-0069 అని నంబరిచ్చి, 2020 మార్చి భద్రతా ప్యాచ్‌తో మూసేశారు. ఆండ్రాయిడ్ 12 ఉన్న మీ ఫోనులో ఆ దారి లేదు.

ఏ దారిన వెళ్ళినా, ముందు మీకు కావలసింది ఏ విభాగమో తేల్చుకోవాలి. ఇక్కడే చాలామంది తప్పు ఫైలు తీస్తారు. పాత ఫోన్లలో బూట్ అనే ఒకే విభాగంలో రెండు వస్తువులు ఉండేవి. ఒకటి కెర్నెల్ (సిస్టమ్‌కు మూలమైన ప్రోగ్రాం), రెండోది ఫోను లేవగానే మెమరీలోకి దిగే చిన్న ఫైళ్ళ మూట, అంటే ర్యామ్‌డిస్క్. మ్యాజిస్క్ మార్చేది ఈ రెండోదాన్నే. ఆండ్రాయిడ్ 13తో మార్కెట్లోకి వచ్చిన ఫోన్లలో ఆ ర్యామ్‌డిస్క్‌ను ఇనిట్_బూట్ అనే వేరే విభాగంలోకి మార్చారు, బూట్‌లో కెర్నెల్ మాత్రమే మిగిలింది. ఉదాహరణకు ఆండ్రాయిడ్ 12తో వచ్చిన పిక్సెల్ 6లో మనకు కావలసింది బూట్, 13తో వచ్చిన పిక్సెల్ 7లో ఇనిట్_బూట్. పిక్సెల్ 6ను తర్వాత 13కు, 14కు పెంచుకున్నా ఇనిట్_బూట్ కొత్తగా పుట్టుకురాదు. ఫోను ఏ వెర్షన్‌తో పుట్టిందన్నదే లెక్క. వెండర్_బూట్ అని మరొకటి కనిపిస్తుంది, మ్యాజిస్క్‌కు మామూలుగా దానితో పని లేదు.

మీ ఫోను 12 మీద ఉంది కాబట్టి మీకు బూట్ చాలు. అయితే అది ఒకటా రెండా అన్నది చూడాలి. ఏడీబీ షెల్‌లో గెట్‌ప్రాప్ అని కొట్టి, పక్కన ఆర్ఓ.బూట్.స్లాట్_సఫిక్స్ అని ఇవ్వండి. జవాబు ఖాళీగా వస్తే బూట్ ఒకటే. _ఏ అనో _బీ అనో వస్తే ఫోనులో బూట్_ఏ, బూట్_బీ అని రెండు జతలు ఉన్నాయి, ఇప్పుడు ఫోను నడుస్తున్నది జవాబులో వచ్చిన జత మీద. ఈ రెండు జతల పద్ధతి 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చింది. అప్‌డేట్ వచ్చినప్పుడు వాడుకలో లేని జతలోకి కొత్తది రాసి, ఫోను ఆపి వేయగానే అటు మారుతుంది. అందువల్ల రెండో జతలో మీ పాత వెర్షన్ ఉండవచ్చు. దాన్ని తీసి కొత్తదనుకుని ఫ్లాష్ చేస్తే వైఫై పనిచేయకపోవడం, టచ్ ఆడకపోవడం, అసలు ఫోనే లేవకపోవడం వంటి తంటాలు వస్తాయి.

ఇక నా సలహా. ఫోను నుంచి తీయడం గురించి ఆలోచించే ముందు, అదే బిల్డ్ నంబరు (ఫోనులోని సాఫ్ట్‌వేర్ విడుదలకు గుర్తు) ఉన్న అసలు ఫర్మ్‌వేర్ ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకండి. ఫోనులో ఉన్న బూట్, కంపెనీ విడుదల చేసిన ఆ బిల్డ్‌లోని బూట్ ఒకటే. బూట్ విభాగంలో మీ సొంత సమాచారం ఏదీ ఉండదు, ఆ బిల్డ్ ఉన్న ప్రతి ఫోనులోనూ ప్రతి బైటూ ఒకేలా ఉంటుంది. కాబట్టి ఫర్మ్‌వేర్ దొరికితే మీ బ్యాకప్ కూడా దొరికినట్టే.

పిక్సెల్ వాళ్ళకు ఇది రెండు నిమిషాల పని. గూగుల్ ప్రతి బిల్డ్‌కూ ఫ్యాక్టరీ ఇమేజ్ పెడుతుంది. జిప్ విప్పితే లోపల ఇంకో జిప్ ఉంటుంది, బూట్, ఇనిట్_బూట్ ఫైళ్ళు అందులో ఉంటాయి. షావోమీ ఫోన్లకు ఫాస్ట్‌బూట్ రోమ్ అని టీజీజెడ్ ఫైలు దొరుకుతుంది. దాన్ని విప్పితే ఇమేజెస్ ఫోల్డరులో బూట్ సిద్ధంగా ఉంటుంది. శామ్‌సంగ్ ఫర్మ్‌వేర్‌లో ఏపీ, బీఎల్, సీపీ, సీఎస్‌సీ అనే ముక్కలు ఉంటాయి. ఏపీతో మొదలయ్యే ఫైలును టార్‌లా విప్పితే బూట్ పక్కన ఎల్‌జెడ్4 అనే తోక ఉన్న ఫైలు కనిపిస్తుంది. ఎల్‌జెడ్4 సాధనంతో దాన్ని విప్పితే మామూలు ఇమేజ్ వస్తుంది. శామ్‌సంగ్‌లో ఫాస్ట్‌బూట్ ఉండదు, ఎక్కించడానికి ఓడిన్ అనే కంప్యూటరు సాధనం వాడాలి.

మీ బాధ వేరు. మీ కంపెనీ ఫర్మ్‌వేర్ పెట్టదు. కానీ ఫోనుకు అప్‌డేట్లు వస్తాయి కదా? రెండు జతలున్న ఫోన్లలో ఆ అప్‌డేట్ జిప్‌లో పేలోడ్.బిన్ అనే ఒకే పెద్ద ఫైలు ఉంటుంది. పేలోడ్-డంపర్-గో అనే ఉచిత సాధనానికి దాన్ని ఇస్తే అన్ని విభాగాలనూ విడివిడి ఇమేజ్‌లుగా చేసి ఇస్తుంది, బూట్ ఒక్కటే కావాలన్నా తీస్తుంది. చిక్కు ఎక్కడంటే, అప్‌డేట్లు రెండు రకాలు. పూర్తి అప్‌డేట్ రెండు, మూడు జీబీలు ఉంటుంది, అందులో ప్రతి విభాగమూ మొత్తంగా ఉంటుంది. నెలనెలా వచ్చే చిన్న అప్‌డేట్‌లో పాత వెర్షన్‌కు, కొత్త వెర్షన్‌కు మధ్య తేడాలు మాత్రమే ఉంటాయి. పాత ఇమేజ్ చేతిలో లేకుండా దాని నుంచి బూట్ కట్టలేం. సాధనం కూడా ఇది తేడాల పేలోడ్ అని చెప్పి ఆగిపోతుంది. ఫోనులో అప్‌డేట్ దిగుతున్నప్పుడు ఏడీబీ లాగ్‌క్యాట్ నడిపి ఉంచితే అప్‌డేట్_ఇంజిన్ పేరుతో వచ్చే వరుసల్లో చాలాసార్లు డౌన్‌లోడ్ లింకు కనిపిస్తుంది. సైజు చూసి ఏ రకమో గ్రహించి, పూర్తిదైతే కంప్యూటరులోకి దింపుకోండి.

అది కుదరలేదనుకుందాం. మీడియాటెక్ చిప్ కాబట్టి మీకు ఇంకో తలుపు ఉంది.

ప్రతి మీడియాటెక్ చిప్‌లోనూ ఫ్యాక్టరీలో చెక్కేసిన చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, దాన్ని బూట్ రోమ్ అంటారు. ఆండ్రాయిడ్ పూర్తిగా చెడిపోయినా ఫోనును బతికించడానికి సర్వీసు వాళ్ళు వాడే మార్గం అది. ఎవరు పడితే వారు వాడకుండా కంపెనీలు దానికి సంతకాల తాళం వేస్తాయి. అయితే హీలియో తరం చిప్‌ల బూట్ రోమ్‌లో ఒక లోపం బయటపడింది. దాన్ని వాడుకునే దాడికి కామాకిరి అని పేరు. బూట్ రోమ్ చిప్‌లోనే చెక్కిన కోడ్ కాబట్టి అప్‌డేట్‌తో దాన్ని సరిచేయలేరు. ఆ లోపం ఆధారంగా నడిచే ఉచిత సాధనం ఎంటీకే క్లయింట్. జీ85 చిప్‌ను అది గుర్తిస్తుంది. కొత్త డైమెన్సిటీ చిప్‌లు చాలావాటిలో ఈ లోపం లేదు, అక్కడ కంపెనీ సంతకం చేసిన ఫైళ్ళు లేకుండా పని జరగదు.

పైథాన్ ఉన్న కంప్యూటరు కావాలి. లినక్స్ అయితే డ్రైవర్ల గొడవ తక్కువ. విండోస్‌లోనూ అవుతుంది గాని డ్రైవరు సరిగ్గా కుదిరే వరకు విసుగు పుట్టిస్తుంది. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ రంధ్రంలోకి నేరుగా గుచ్చండి, హబ్ వద్దు. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ కూడా వద్దు. ఫోనులో కనీసం సగం చార్జి ఉంచి పూర్తిగా ఆపేయండి. ముందు కంప్యూటరులో ఆదేశం నడిపించండి, అది ఫోను కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అప్పుడు వాల్యూమ్ పెంచే, తగ్గించే బటన్లు రెండూ కలిపి నొక్కి పట్టుకుని కేబుల్ గుచ్చండి. కొన్ని మోడళ్ళకు ఒక్క బటనే చాలు. తెర వెలగదు, వెలగకపోవడమే సరైన లక్షణం. బ్యాటరీ బొమ్మ వచ్చిందంటే ఫోను చార్జింగ్‌లోకి వెళ్ళిపోయినట్టే, కేబుల్ తీసి మళ్ళీ మొదలుపెట్టండి.

లినక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టి చూస్తే మీడియాటెక్ పేరు పక్కన గుర్తింపు అంకెలు ఉంటాయి. చివరి నాలుగు 0003 అయితే మీరు బూట్ రోమ్‌లో ఉన్నారు. 2000 అయితే దాని తర్వాతి మెట్టు ప్రీలోడర్‌లో ఆగారు. ఎంటీకే క్లయింట్ చాలాసార్లు తానే ప్రీలోడర్‌ను కూల్చి బూట్ రోమ్‌లోకి దిగుతుంది. దిగకపోతే బటన్ల జోడీ మార్చి చూడండి. ఈ పట్టు చిక్కడానికే కాస్త ఓపిక కావాలి. చిక్కాక మిగతాదంతా కంప్యూటరు చూసుకుంటుంది.

మొదట ప్రింట్‌జీపీటీ అనే ఆదేశం ఇవ్వండి. ఫోనులోని విభాగాల పేర్లు, సైజులు అన్నీ వరుసగా వస్తాయి. ఆ పట్టికను ఒక టెక్స్ట్ ఫైలులో దాచుకోండి, తర్వాత అవసరపడుతుంది. అప్పుడు ఎంటీకే అని కొట్టి, చదవడానికి "ఆర్" అనే ఒక్క అక్షరం, తర్వాత విభాగం పేరు, చివర మీరు పెట్టదలచిన ఫైలు పేరు ఇవ్వండి. బూట్_ఏ, బూట్_బీ రెండూ తీసుకోండి, విభాగాలను సరిచూసే సంతకాలు ఉండే వీబీమెటా కూడా తీసుకోండి. కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఇదే సాధనంలో "డబ్ల్యూ" అంటే రాయడం, "ఈ" అంటే చెరపడం. కీబోర్డు మీద ఆర్ పక్క మీటే ఈ, దాని పక్కది డబ్ల్యూ. ఎంటర్ కొట్టే ముందు ఆ అక్షరాన్ని ఒకసారి చూసుకోండి.

తలుపు తెరుచుకుని ఉండగానే చేయాల్సిన అసలు పని మరొకటి ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. ఎన్‌వీర్యామ్, ఎన్‌వీడేటా, ఎన్‌వీసీఎఫ్‌జీ, ప్రొఇన్ఫో, ప్రొటెక్ట్1, ప్రొటెక్ట్2, పర్సిస్ట్ అనే విభాగాలు ఆ పట్టికలో కనిపిస్తాయి. ఉన్నవన్నీ తీసుకోండి. మీ ఐఎంఈఐ నంబర్లు, రేడియో సర్దుబాట్లు, వైఫై చిరునామా, సెన్సర్ల సర్దుబాట్లు ఉండేది వీటిలోనే. బూట్ పాడైతే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఎన్‌వీర్యామ్ పాడైతే ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా దొరకదు, ఎందుకంటే అది మీ ఒక్క ఫోనుకే చెందినది. ఫ్లాష్ చేయడంలో పొరపాటు జరిగి సిగ్నల్ పోయి, ఐఎంఈఐ దగ్గర సున్నాలు చూపే ఫోన్లు మరమ్మతు దుకాణాలకు తరచుగా వస్తుంటాయి. ఆ సమయంలో ఈ ఫైళ్ళు చేతిలో ఉంటే పది నిమిషాల పని, లేకపోతే పెద్ద తలనొప్పి. నన్నడిగితే బూట్ కంటే ముందు వీటినే తీసుకోమంటాను. అయితే వీటిని ఎవరికీ పంపకండి, గ్రూపుల్లో పెట్టకండి. మీ నంబరును మీ ఫోనుకే తిరిగి పెట్టుకోవడం వేరు, ఐఎంఈఐ మార్చడం వేరు. రెండోది మన దేశంలో నేరం. 2017 నాటి నిబంధనలు, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దాన్ని స్పష్టంగా నిషేధించాయి.

పని అయ్యాక ఫోను చచ్చినట్టు పడి ఉంటుంది. తెర నల్లగా ఉంటుంది, పవర్ బటన్ ఒకసారి నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. కంగారు పడకండి, అది ఇంకా బూట్ రోమ్‌లోనే ఉంది. రీసెట్ ఆదేశం ఇచ్చి కేబుల్ తీసేయండి, లేదా పవర్ బటన్‌ను పది, పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. మామూలుగా లేస్తుంది.

ఇంత సులువుగా చదవగలిగితే ఫోను పోయినప్పుడు దొంగ కూడా నా ఫొటోలు చదువుతాడు కదా అనే అనుమానం రావచ్చు. యూజర్‌డేటా విభాగాన్ని చదవగలరు గాని అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, వచ్చేది అర్థం లేని బైట్ల కుప్ప. అందుకే మీ ఫొటోల బ్యాకప్‌కు కూడా ఈ పద్ధతి పనికిరాదు.

క్వాల్‌కామ్ చిప్ ఉన్నవాళ్ళ కోసం రెండు మాటలు. అక్కడ ఇలాంటి అత్యవసర మార్గం ఈడీఎల్. కంప్యూటరులో 9008 అనే అంకెతో కనిపిస్తుంది. చదవాలంటే ఫైర్‌హోస్ ప్రోగ్రామర్ అనే ఫైలు కావాలి, అది ఆ కంపెనీ సంతకంతో, ఆ చిప్‌కు సరిపోయేదై ఉండాలి. కొన్ని మోడళ్ళవి బయట దొరుకుతాయి, చాలావాటివి దొరకవు. దొరకనివాళ్ళకు మిగిలేది అన్‌లాక్ దారే.

అన్‌లాక్ దారి ఇలా ఉంటుంది. డెవలపర్ ఆప్షన్లలో ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేసి, ఫాస్ట్‌బూట్ నుంచి బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తారు. ఆ క్షణంలోనే ఫోనులోని సమాచారం అంతా చెరిగిపోతుంది. తర్వాత మీ మోడల్‌కు తయారైన టీడబ్ల్యూఆర్‌పీ రికవరీని (ఆండ్రాయిడ్‌కు బయట మరమ్మతుకు వాడే చిన్న సిస్టమ్) ఫ్లాష్ చేయకుండా, ఫాస్ట్‌బూట్ బూట్ ఆదేశంతో ఒక్కసారికి మాత్రమే నడిపిస్తారు. అందులో ఏడీబీకి రూట్ హక్కులు ఉంటాయి కాబట్టి ఏడీబీ పుల్ ఆదేశానికి ఆ బై-నేమ్ చిరునామా ఇస్తే బూట్ నేరుగా కంప్యూటరులోకి వస్తుంది. కొన్ని కంపెనీలు ఆ తాత్కాలిక బూట్ ఆదేశాన్ని తీసేశాయి, అలాంటి ఫోన్ల మీద ఈ కిటుకు పనిచేయదు. ఎలాగూ మ్యాజిస్క్ పెట్టడానికి ఒకరోజు అన్‌లాక్ చేయాల్సిందే కదా అంటే నిజమే. కానీ బ్యాకప్ అన్‌లాక్‌కు ముందే చేతిలో ఉంటే, ఆ నిర్ణయం నిదానంగా తీసుకోవచ్చు. అన్‌లాక్ చేసిన ఫోను, ఫోనులో మార్పులు చేశారా అని యాప్‌లు చూసుకునే గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ పరీక్షలో నెగ్గదు. యూపీఐ, బ్యాంకు యాప్‌లలో కొన్ని తెరుచుకోవు, కొన్ని ఫోన్లలో సినిమాలకు నకలు రక్షణ ఇచ్చే వైడ్‌వైన్ స్థాయి ఎల్1 నుంచి ఎల్3కి పడిపోయి సినిమాలు మసకగా వస్తాయి. రోజూ కిరాణా కొట్టులో స్కాన్ చేసి డబ్బు కట్టే ఫోను ఇదొక్కటే అయితే బాగా ఆలోచించుకోండి. శామ్‌సంగ్ వాళ్ళకు మరో నష్టం ఉంది. కంపెనీది కాని ఇమేజ్ ఎక్కించగానే నాక్స్ ఫ్యూజు (ఫోనును మార్చారని శాశ్వతంగా గుర్తుపెట్టుకునే ఏర్పాటు) పోతుంది, తర్వాత అసలు ఫర్మ్‌వేర్ తిరిగి పెట్టినా అది బాగవదు.

ఇప్పుడు టెలిగ్రామ్ ఫైలు దగ్గరకు వద్దాం. మీ సొంత డంప్ (ఫోను నుంచి తీసిన ఫైలు) అయినా, ఎవరో ఇచ్చినదైనా పరీక్ష ఒకటే. ముందు సైజు చూడండి. బూట్ విభాగం 32 ఎంబీ అయితే ఫైలు 3,35,54,432 బైట్లు, 64 ఎంబీ అయితే 6,71,08,864 బైట్లు ఉండాలి. మీ ఫోనుకు ఏది సరిపోతుందో ఇందాక దాచుకున్న పట్టిక చెబుతుంది. మీ డంప్ దానికి ఒక్క బైటు తేడా వచ్చినా మళ్ళీ తీయండి.

తర్వాత దాన్ని ఫైలులోని బైట్లను చూపే ఏదైనా హెక్స్ వ్యూయర్‌లో తెరవండి. కుడిపక్క అక్షరాల వరుసలో మొట్టమొదటి ఎనిమిది గుర్తులు ఆండ్రాయిడ్ అనే మాట పెద్ద ఇంగ్లీషు అక్షరాలలో, చివర ఆశ్చర్యార్థకంతో ఉండాలి. మీ తరం 64 బిట్ మీడియాటెక్ ఫోన్లలో అయితే కొంచెం కిందనే "బూట్‌ఆప్ట్" అని మొదలై 64, 32 అంకెలతో సాగే వరుస కూడా కనిపిస్తుంది. అది కెర్నెల్‌కు బూట్‌లోడర్ అందించే సూచన. మొదటి నుంచి చివరిదాకా సున్నాలే ఉంటే విభాగం ఖాళీగా ఉందన్నమాట. రెండు జతల ఫోన్లలో ఒక్క అప్‌డేట్ కూడా రాని రెండో జత అలా ఉండవచ్చు, భయపడాల్సింది లేదు. ఫైలు చివరి 64 బైట్లలో ఏవీబీఎఫ్ అనే నాలుగు అక్షరాలు కనిపిస్తే ఆండ్రాయిడ్ వెరిఫైడ్ బూట్ తోక కూడా భద్రంగా వచ్చింది.

ఇవి నెగ్గితే అది ఒక బూట్ ఇమేజ్ అని తేలినట్టే, కానీ మీ బూట్ ఇమేజ్ అని తేలినట్టు కాదు. ఆండ్రాయిడ్ ఇమేజ్ కిచెన్ అనే సాధనంలో పడేస్తే అది ఇమేజ్‌ను విప్పి ఆండ్రాయిడ్ వెర్షన్, భద్రతా ప్యాచ్ నెల చూపిస్తుంది. అవి ఫోనులో సెట్టింగ్స్, అబౌట్ ఫోను కింద ఉన్నవాటితో సరిపోవాలి. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే విప్పిన కెర్నెల్ ఫైలులో లినక్స్ వెర్షన్ అని మొదలయ్యే వాక్యం వెతకండి. కెర్నెల్ ఇంకా కుదించి ఉంటే ముందు దాన్ని విప్పాలి. ఆ వాక్యంలో వెర్షన్ సంఖ్యతో పాటు దాన్ని తయారుచేసిన తేదీ, సమయం సెకన్లతో సహా ఉంటాయి. సెట్టింగ్స్‌లో కెర్నెల్ వెర్షన్ కింద చూపే తేదీ, సమయాలతో అవి కలిస్తే అనుమానం లేదు. టెలిగ్రామ్ ఫైళ్ళు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. మోడల్ పేరు అదే ఉంటుంది, బిల్డ్ మాత్రం రెండు నెలల వెనకటిది. మరికొన్నిసార్లు అది ఎవరో అప్పటికే మ్యాజిస్క్‌తో మార్చి పెట్టిన ఫైలు. మ్యాజిస్క్ యాప్‌కు ప్యాచ్ చేయడానికి ఇచ్చినప్పుడు లాగ్‌లో "స్టాక్ బూట్ ఇమేజ్ డిటెక్టెడ్" అనే వరుస రాకపోతే అది అసలుది కాదు, వదిలేయండి.

సొంత డంప్ అయితే రెండుసార్లు తీసి, రెండింటికీ ఎస్‌హెచ్ఏ-256 (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కించి పోల్చండి. నాసిరకం కేబుల్ చేసే తప్పు ఇక్కడ బయటపడుతుంది. బూట్_ఏ, బూట్_బీ లెక్కలు ఒకదానితో ఒకటి కలవకపోతే అది తప్పు కాదు, రెండూ వేర్వేరు వెర్షన్లు కావచ్చు.

దాచుకునేటప్పుడు ఫైలు పేరులో మోడల్, పూర్తి బిల్డ్ నంబరు, జత పేరు ఉండాలి. ఉత్త "బూట్" అని పేరు పెట్టిన నాలుగు ఫైళ్ళు ఒకే ఫోల్డరులో ఉంటే ఆరు నెలల తర్వాత అవి ఎవరికీ పనికిరావు. ఎస్‌హెచ్ఏ లెక్కను పక్కనే టెక్స్ట్ ఫైలులో పెట్టండి. ఒక కాపీ కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో ఉండనివ్వండి. ఫోను లోపలి నిల్వలో మాత్రమే ఉంచితే అన్‌లాక్ చేసిన క్షణాన అదీ పోతుంది, మెమరీ కార్డులో ఉంచినా నిశ్చింత లేదు.

తిరిగి పెట్టడం గురించి కొంచెం. బూట్‌లోడర్ లాక్ అయి ఉంటే ఫాస్ట్‌బూట్‌తో మీ సొంత అసలు ఇమేజ్‌ను కూడా ఎక్కించనివ్వదు. అన్‌లాక్ అయ్యాక ఫాస్ట్‌బూట్ ఫ్లాష్, జత పేరుతో సహా విభాగం, ఫైలు పేరు ఇస్తే సరిపోతుంది. మీ చిప్‌కు ఎంటీకే క్లయింట్ రాసే ఆదేశం కూడా ఉంది కాబట్టి ఫాస్ట్‌బూట్ కూడా రాని స్థితిలో అదే ఆధారం. మ్యాజిస్క్ మార్చిన బూట్ ఉండగా బూట్‌లోడర్‌ను మళ్ళీ లాక్ చేయకండి. సంతకం కలవక ఫోను లేవదు, లాక్ అయి ఉంది కాబట్టి ఫాస్ట్‌బూట్ మీ మాట వినదు. లాక్ చేయాలనుకుంటే ముందు బూట్, వీబీమెటా, మార్చినవి ఏవి ఉంటే అవన్నీ అసలు రూపంలోకి తెచ్చి, ఫోను మామూలుగా లేచిందని చూసుకున్నాక చేయండి. లాక్ చేసేటప్పుడు కూడా సమాచారం చెరుగుతుంది.

మీ బ్యాకప్ అవసరపడే సందర్భం ఎక్కువగా అప్‌డేట్ వచ్చినప్పుడే. తేడాల అప్‌డేట్ మొదలయ్యే ముందు ఉన్న బూట్ కంపెనీ అనుకున్న బూటేనా అని లెక్క సరిచూస్తుంది. మ్యాజిస్క్ మార్చినది ఉంటే లెక్క తప్పి అప్‌డేట్ ఆగిపోతుంది. మ్యాజిస్క్ యాప్‌లో అన్‌ఇన్‌స్టాల్ కింద ఇమేజ్‌లను పునరుద్ధరించే ఎంపిక ఉంది. రెండు జతల ఫోన్లలో దాన్ని నొక్కి, ఫోనును రీస్టార్ట్ చేయకుండా అప్‌డేట్ పెట్టి, రీస్టార్ట్‌కు ముందు వాడుకలో లేని జతలోకి మ్యాజిస్క్ ఎక్కించమని యాప్‌కు చెప్పాలి. మధ్యలో ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఉంటే యాప్ దాచుకున్న కాపీ పోయి, స్టాక్ బ్యాకప్ లేదని చెబుతుంది. అప్పుడు కంప్యూటరులో ఉన్న మీ ఫైలును ప్రస్తుతం నడుస్తున్న జతకు ఫ్లాష్ చేసి, అప్‌డేట్ పెట్టుకోండి. ఈ దారిలో రూట్ కాసేపు పోతుంది కాబట్టి కొత్త బిల్డ్ బూట్‌ను మళ్ళీ తీసి, ప్యాచ్ చేసి ఎక్కించాలి. దానికి కొత్త బిల్డ్ నంబరుతో వేరే పేరు పెట్టండి, పాతదాన్ని కొత్త సిస్టమ్ మీద ఎక్కించకండి.